గోదావరి ఒడ్డున లావా: నల్లరాతి చరిత్ర, దాన్ని చూడగల చోట్లు

తెలుగు ప్రాంతాల్లో అగ్నిపర్వతాల ఆనవాళ్లు లేవనే మాట తరచు వినిపిస్తుంది. శిఖరాన బిలం, బిలంలోంచి పొగ ఉన్న కొండ కోసమే వెతికితే ఆ మాట నిజమే అవుతుంది కూడా. అయితే సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట పశ్చిమ భారతంలో లావా వెలువడింది శిఖరాల నుంచి కాదు, నేలలో తెరుచుకున్న పొడవాటి పగుళ్ల నుంచి. ఈ రకం విస్ఫోటం ఎలా ఉంటుందో మనుషులు కళ్లారా చూసిన సందర్భం 1783లో ఐస్‌లాండ్‌లో వచ్చింది: లాకి అనే చోట సుమారు 27 కి.మీ. పొడవున నేల చీలి, ఎనిమిది నెలల పాటు లావా పారి, దాని విషవాయువుల వల్లా ఆ వెంట వచ్చిన కరవు వల్లా ఆ దేశ జనాభాలో దాదాపు ఐదోవంతు నశించింది. దక్కన్‌లో పారిన లావా ముందు లాకి లావా లెక్కలోకి కూడా రాదు. అది పొర మీద పొరగా పరుచుకుని, చల్లారి, బసాల్ట్ అనే బరువైన నల్లరాయిగా మారింది. కొండవాలుల్లో మెట్ల వరసలా కనిపించే ఈ రాతి దొంతరలకే భూగర్భ శాస్త్రంలో దక్కన్ ట్రాప్స్ అని పేరు.

కాలక్రమాన ఎంతో కోతకు గురైనా ఈ దొంతరలు ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల నేలను కప్పి ఉన్నాయి. సహ్యాద్రి దగ్గర 2 కి.మీ. వరకు ఉన్న మందం తూర్పుకు వచ్చేకొద్దీ తగ్గిపోయి, ఆదిలాబాద్, నిర్మల్, జహీరాబాద్, వికారాబాద్ ప్రాంతాల్లో ఈ రాతి అంచు ముగుస్తుంది. విచిత్రం అక్కడే మొదలవుతుంది. అంచు దాటి, వందల కిలోమీటర్ల పాటు వేరే రాళ్ల నేల నడిచాక, రాజమహేంద్రవరం దగ్గర గోదావరికి ఇరువైపులా మళ్లీ అదే నల్లరాయి పైకి తేలుతుంది: ఎడమ గట్టున కాతేరు దగ్గర, కుడి గట్టు వైపు పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు పరిసరాల్లో. శాస్త్రజ్ఞులు రాజమండ్రి ట్రాప్స్ అని పిలిచే ఈ రాతి నేల కొద్ది పదుల చదరపు కిలోమీటర్లకు మించదు, కాని దక్కన్ అగ్నిపర్వతాల చరిత్రను చదవడంలో దీనికి దక్కిన స్థానం దాని వైశాల్యంతో ఏమాత్రం పొసగదు.

ఆ చరిత్రను మొదట చదివినవారు భూగర్భ శాస్త్రాన్ని వృత్తిగా చేసుకున్నవారు కారు, ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న వైద్యులు. రోగులను చూడడం, సైన్యం వెంట నడవడం, దారిలో రాళ్లనూ మొక్కలనూ పరీక్షించి రాసి పెట్టుకోవడం అప్పటి వైద్యుల చదువులో, అలవాటులో కలిసి ఉండేవి. విలియం లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేకు వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా చేరిన హెన్రీ వాయ్సే హైదరాబాద్ పరిసరాల శిలలను వర్ణించినవారిలో మొదటివాడు. 1823 ఏప్రిల్‌లో ఆయన బేరారులోని గావిల్‌గఢ్ కొండల్లో, లావా రాతి మధ్యన రాయిగా మారిన గుల్లలను చూశాడు. మరుసటి ఏడాదే ఆయన మరణించాడు. లావాలో గుల్లలు ఎలా చేరాయన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి తర్వాతివారికి చాలా కాలం పట్టింది.

మద్రాసు సైన్యంలో వైద్యుడైన జె.జి. మాల్కమ్సన్ హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్లే దారిలో, నిర్మల్ ప్రాంతపు సిచెల్ కొండల్లో అటువంటి గుల్లలనే గమనించి, 1837లో లండన్ భూగర్భ శాస్త్ర సంఘం ముందుకు వచ్చిన తన వ్యాసంలో వాటిని వివరించాడు. అవి మంచినీటి నత్తలవి. అంటే ఒక లావా ప్రవాహం చల్లారాక మరో ప్రవాహం వచ్చేలోపు చెరువులు ఏర్పడి, వాటిలో నీరు నిలిచి, నత్తలు బతికి, ఒడ్డున మొక్కలు పెరిగేంత వ్యవధి దొరికిందన్నమాట. లావా పొరల నడుమ ఇలా చిక్కుకున్న మట్టి, సున్నపురాయి, చెకుముకి రాతి పొరలను ఇంటర్‌ట్రాపియన్ పొరలు అంటారు. విస్ఫోటాలు ఒక్క ఊపున ముగియలేదని, ఆగి ఆగి సాగాయని చెప్పే సాక్ష్యం ఈ పలచటి పొరల్లోనే ఉంది. ఎంత మందంగా ఉన్నా లావా ఆ విరామాల గురించి వాటంత వివరంగా ఏమీ చెప్పదు. నేడు నిర్మల్ నుంచి ఆదిలాబాద్ వైపు ఘాట్ ఎక్కే ప్రయాణికులు మాల్కమ్సన్ చూసిన కొండలనే దాటుతారు, కాని ఆ దారి చరిత్రలో ఈ అధ్యాయం ఉందని గుర్తుచేసేవారు అరుదు.

గోదావరి ఒడ్డు నల్లరాయి రాతల్లోకి ఎక్కింది కూడా దాదాపు ఆ కాలంలోనే. మద్రాసు గవర్నరు వద్ద వైద్యుడైన పి.ఎం. బెంజా 1835లో ఉత్తర సర్కారుల మీదుగా ప్రయాణిస్తూ పంగిడి కొండల రాళ్లను పరిశీలించాడు. ఆయన ప్రయాణ వివరణ 1837లో మద్రాసు సాహిత్య, విజ్ఞాన పత్రికలో వచ్చింది. ఆ తరువాత ఈ ప్రాంతపు గుల్లలు, ఉత్తర సర్కారుల కమిషనర్ వాల్టర్ ఇలియట్ వంటి అధికారుల ద్వారా, నాగపూర్‌లో ఉన్న మత ప్రచారకుడు స్టీఫెన్ హిస్లాప్ చేతికి చేరాయి. అమరావతి స్తూపంలో తవ్వకాలు జరిపించి శిల్పాలను మద్రాసుకు తరలించిన ఇలియట్ ఈయనే. గుంటూరు సీమ సున్నపురాతి శిల్పం, గోదావరి సీమ గుల్ల రెండూ ఒకే అధికారి ఆసక్తి వల్ల ఊళ్లు దాటి వెళ్లాయి. అప్పటికే నాగపూర్ దగ్గర తక్లిలో తన సహచరుడు రాబర్ట్ హంటర్‌తో కలిసి ఇంటర్‌ట్రాపియన్ శిలాజాలను విస్తారంగా సేకరించిన హిస్లాప్, 1860 నాటి వ్యాసంలో గోదావరి గుల్లలను కూడా వర్ణించి, ఒక ఆల్చిప్ప జాతికి పంగిడి పేరే పెట్టాడు. మూడేళ్ల తరువాత, 1863లో, ఆయన వాగు దాటుతూ మునిగి చనిపోయాడు.

హిస్లాప్ పరిశీలనలో తేలిన అసలు విషయం ఆల్చిప్ప పేరు కాదు, అది ఆల్చిప్ప కావడమే. నాగపూర్, నిర్మల్, గావిల్‌గఢ్‌లలో దొరికినవన్నీ చెరువుల్లో బతికిన మంచినీటి జీవులు. ఒక ప్రాంతపు చెరువుల జీవులను మరో ఖండపు చెరువుల జీవులతో పోల్చి కాలం నిర్ణయించడం చాలా కష్టం. రాజమహేంద్రవరం దగ్గరివి మాత్రం సముద్రంలోను, నదీముఖపు ఉప్పునీటిలోను బతికినవి. సముద్రాలన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కనుక సముద్ర జీవులు తొందరగా వ్యాపిస్తాయి, అందుచేత యూరప్‌లో వయసు తెలిసిన పొరలతో వాటిని పోల్చవచ్చు. దక్కన్ లావా అంతటిలోను సముద్రాన్ని తాకి, ఆ స్పర్శకు రాతపూర్వక రుజువు వంటి శిలాజాలను స్పష్టంగా నిలుపుకున్న చోట్లు అతి కొద్ది. వాటిలో కాతేరు, పంగిడి ముందు వరుసలో ఉన్నాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తరఫున విలియం కింగ్ గోదావరి తీర ప్రాంతాన్ని సర్వే చేసి 1880లో వెలువరించిన గ్రంథం ఈ పొరల వరుసను స్థిరపరిచింది: అడుగున గుల్లలున్న ఇసుకరాయి, దాని మీద నల్లరాయి, నడుమ సున్నపురాయి, మళ్లీ నల్లరాయి, అన్నిటిపైన రాజమండ్రి ఇసుకరాయి.

అయినా వయసు తగాదా తెగలేదు. దక్కన్ లావా డైనోసార్ల కాలానికి, అంటే క్రెటేషియస్ యుగానికి చెందినదా, ఆ తరువాతి టెర్షియరీ యుగానిదా అన్నది 19వ శతాబ్దమంతా తేలని ప్రశ్నగానే ఉండిపోయింది. 1934లో లక్నో వృక్షశాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని మధ్యభారతపు ఇంటర్‌ట్రాపియన్ మొక్కల ఆధారంగా అది టెర్షియరీ తొలిదశకు చెందినదేనని వాదించాడు. ఆ వాదానికి సముద్రపు సాక్ష్యం గోదావరి ఒడ్డు నుంచే వచ్చింది: భూగర్భ శాస్త్రవేత్తలు ఎల్. రామారావు, ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు 1930లలో రాజమహేంద్రవరపు సున్నపురాయిని పలచటి బిళ్లలుగా కోసి, సూక్ష్మదర్శిని కింద ఫొరామినిఫెరాలను, అంటే సున్నపు గుల్ల కట్టుకునే ఏకకణ సముద్ర జీవులను గుర్తించి ప్రకటించారు. ఒక శతాబ్దం పాటు విదేశీ అధికారులు సంచుల్లో నింపి పంపిన రాళ్ల చరిత్రలో, రాయిని చూసినవారూ దాని అర్థం చెప్పినవారూ ఈ దేశస్థులే కావడం ఆ సందర్భం నుంచే బలపడిందని చెప్పడం తప్పు కాదు.

ప్రశ్న రూపం 1980లో మారింది. క్రెటేషియస్ ముగింపు నాటి మట్టిపొరలో ఇరిడియం అనే అరుదైన లోహం అసాధారణంగా ఉందని, భారీ గ్రహశకలం ఢీకొనడం వల్లనే డైనోసార్లు నశించాయని శాస్త్రవేత్తలైన అల్వారెజ్ తండ్రీకొడుకుల బృందం ప్రతిపాదించింది. సరిగ్గా ఆ కాలంలోనే దక్కన్ లావా పారిందని కాలనిర్ణయాలు తేల్చడంతో, నాశనానికి కారణం గ్రహశకలమా, అగ్నిపర్వతాలా, రెండూనా అన్న వివాదం రేగింది. దానికి జవాబు వెతుకుతూ వచ్చినవారిలో భూగర్భ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం 2008లో రాజమహేంద్రవరం క్వారీల ఆధారంగా ఒక ముఖ్యమైన వాదన చేసింది: కింది లావాకు, పై లావాకు నడుమనున్న పొరలో, మహావినాశనం వెంటనే తలెత్తిన చిన్న చిన్న ఫొరామినిఫెరాలు ఉన్నాయని, కాబట్టి దక్కన్ విస్ఫోటాల ప్రధాన దశ ఆ వినాశనం దగ్గరే ముగిసిందని. కృష్ణా–గోదావరి డెల్టా కింద చమురు సంస్థ తవ్విన లోతైన బావుల్లోనూ ఇవే లావా పొరలు తగిలాయి. ఈ వాదనను అందరూ ఒప్పుకోలేదు. మెక్సికోలోని చిక్సులూబ్ వద్ద గ్రహశకలం ఢీకొనడాన్నే ప్రధాన కారణంగా చూసేవారు ఇప్పటికీ ఎక్కువమంది. వివాదం ఎటు తెగినా, దానిని పరీక్షించదగిన అరుదైన చోట్లలో ఒకటి గోదావరి ఒడ్డున కంకర క్వారీల గోడల్లో ఉందన్న సంగతి మాత్రం మారదు.

ఆ గోడను చదవడం కష్టం కాదు. అడుగున గట్టి నల్లరాయి ఉంటుంది. చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు ఆనాటి భూ అయస్కాంత దిశను పట్టుకుని నిలిచిపోయాయి, ఆ దిశ నేటి దిశకు తలకిందులు. దాని మీద కొద్ది మీటర్ల మందాన లేతరంగు సున్నపురాయి, బంకమన్ను పొరలు, వాటిలో ఆల్చిప్పలు. ఆపైన మళ్లీ నల్లరాయి, కాని దీని అయస్కాంత దిశ నేటి దిశే. అంటే రెండు ప్రవాహాల నడుమ భూ అయస్కాంత ధ్రువాలు తారుమారైనంత కాలం గడిచింది. ఇక ఈ లావా ఎక్కడి నుంచి వచ్చిందన్నది మరో ముడి. దీని రసాయన కూర్పు మహాబలేశ్వర్ పరిసరాల లావా పొరల కూర్పుతో దగ్గరగా సరిపోతుంది కనుక, అగ్నిపర్వత శాస్త్రవేత్త స్టీఫెన్ సెల్ఫ్ తదితరులు 2008లో ఇది సహ్యాద్రి వైపు నుంచి పాత నదీలోయల వెంట సుమారు 1,000 కి.మీ. పారి బంగాళాఖాతాన్ని చేరిందని, అదే నిజమైతే భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇది ఒకటని రాశారు. స్థానిక పగుళ్ల నుంచే వచ్చి ఉండవచ్చని భావించేవారు కూడా ఉన్నారు.

ఈ చరిత్రను ప్రదర్శనశాలల్లో చూడదలచినవారు గోదావరి నుంచి దూరంగా వెళ్లక తప్పదు. రాజమహేంద్రవరంలోని రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం శిల్పాలకు, నాణేలకు, శాసనాలకు నెలవు. మద్రాసులో 1851లో ఎడ్వర్డ్ బాల్ఫర్ పర్యవేక్షణలో ఏర్పడిన ప్రభుత్వ మ్యూజియం మాత్రం మద్రాసు సాహిత్య సంఘం ఇచ్చిన సుమారు 1,100 భూగర్భ నమూనాలతోనే ప్రారంభమైంది. దేవతా విగ్రహాల కంటే ముందు రాళ్లే అక్కడ అడుగుపెట్టాయి. నాగపూర్‌లో 1863లో నెలకొన్న కేంద్ర మ్యూజియం, లక్నోలో సాహ్ని పేరనే నడుస్తున్న పరిశోధన సంస్థ ప్రదర్శనశాల, కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియం భూగర్భ విభాగాలు ఇదే కథకు వేరు వేరు భాగాలు. హైదరాబాద్ బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబెట్టిన కోటసారస్ డైనోసార్ అస్థిపంజరాన్ని చూసి, ఇది దక్కన్ లావాకు బలైన జంతువని అనుకునే సందర్శకులు ఉండవచ్చు. ఆదిలాబాద్ సీమలోని యామనపల్లిలో దొరికిన ఆ జంతువు లావాకు 10 కోట్ల సంవత్సరాలకు పైగా ముందే జీవించింది.

హైదరాబాద్‌తో ఈ రాతికి మరో బంధం ఉంది. అజంతా, ఎల్లోరా గుహలు ఆనాటి నిజాం రాజ్యంలోవి. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖకు సారథ్యం వహించిన గులాం యజ్దానీ హయాంలో ఇటలీ నుంచి నిపుణులను రప్పించి అజంతా చిత్రాలకు మరమ్మతు చేయించారు, ఆ చిత్రాల నకళ్లకు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో అజంతా పెవిలియన్ ఉంది. చిత్రాల వైపు చూసే కళ్లు గుహ గోడ వైపు తిరగడం తక్కువ. అక్కడ తొలచినది లావానే: చల్లారే లావాలో చిక్కిన వాయు బుడగలు మిగిల్చిన సందులు, వాటిలో తరువాత పేరుకున్న తెల్లటి జియోలైట్ స్ఫటికాలు శిల్పాల నడుమే కనిపిస్తాయి. పొరలు దాదాపు సమతలంగా ఉండడం, నిలువు పగుళ్లు తక్కువున్న దట్టమైన ప్రవాహాలు దొరకడం శిల్పులకు కలిసివచ్చిన గుణాలు. తెలంగాణలోని వికారాబాద్ అనంతగిరి కొండలు ఇదే రాతి దొంతరకు ఆగ్నేయపు కొస. బసాల్ట్ ఎండకూ వానకూ శిథిలమై ఏర్పడిన ఎర్రటి లేటరైట్ టోపీలా ఆ కొండల మీద మిగిలింది, అక్కడే మూసీ పుడుతుంది. చుట్టుపక్కల పత్తి, కంది పండే నల్లరేగడి కూడా ఎక్కువ భాగం ఈ రాయి అరిగి పుట్టినదే.

దక్కన్ లావాతో సంబంధం లేని అగ్నిపర్వత సాక్ష్యాలు రాయలసీమలోనూ ఉన్నాయి, వాటిలో రెండు గనులే. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేటలో తవ్వే ముగ్గురాయి, అంటే బెరైటీస్, వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన కాలంలో సముద్రం అడుగున అగ్నిపర్వత బూడిద పొరలతో పాటు పేరుకున్నది. ప్రపంచంలోని అతిపెద్ద నిక్షేపాల్లో ఒకటైన దీన్ని భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. స్మారకమూ, తవ్వి అమ్మే సరుకూ ఒకటే కావడం బహుశా మరెక్కడా ఇంత స్పష్టంగా కనిపించదు. రెండోది బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలోని జ్వాలాపురం. సుమారు 74,000 సంవత్సరాల కిందట సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు 2,000 కి.మీ.కు పైగా ఎగిరివచ్చిన బూడిద అక్కడ మీటర్ల మందాన పేరుకుంది. పురాతత్త్వవేత్తలు మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ తదితరులు ఆ బూడిదకు కిందా పైనా ఒకే తీరు రాతి పనిముట్లను కనుగొని, ఆ ఉత్పాతాన్ని దాటి మనుషులు అక్కడ బతికారని 2007లో వాదించారు. శుభ్రపరిచే పొడుల తయారీ కోసం ఆ బూడిదను తవ్వి తరలించారు; పురాతత్త్వవేత్తలకు పొర కనిపించడానికీ, ఆ పొర తరిగిపోవడానికీ ఈ తవ్వకాలే కారణం.

గోదావరి ఒడ్డున జరిగినదీ ఇదే. బెంజా కాలం నుంచి కెల్లర్ కాలం వరకు ఈ పొరను ఎక్కువగా చూపినవి రోడ్డు కోసం, కట్టడాల కోసం తవ్విన గోతులే. పచ్చిక కింద ఉన్న లావా ఏ శాస్త్రానికీ పనికిరాలేదు. కాబట్టి క్వారీలను శాస్త్రానికి శత్రువులుగా మాత్రమే చూడడం చరిత్రకు న్యాయం కాదు. అయితే చేతి సుత్తితో రాయి కొట్టే రోజుల్లో ఒక గోడ తరతరాలు నిలిచేది, ఇప్పుడు పేలుడు మందు, క్రషర్లు కలిసి దాన్ని కొద్ది కాలంలోనే కంకరగా మార్చేస్తున్నాయి, తవ్విన గుంటల్లో నీరు నిండి పొరలు మునిగిపోతున్నాయి. శాస్త్ర పత్రాల్లో పేరు పెట్టి వర్ణించిన క్వారీ గోడ మరుసటి తరం పరిశోధకుడికి అదే రూపంలో దొరుకుతుందన్న హామీ లేదు. ఇటువంటి చోట్లకు చట్టపరమైన రక్షణ కల్పించడానికి కేంద్ర గనుల శాఖ భూవారసత్వ స్థలాల ముసాయిదా బిల్లును 2022 డిసెంబరులో అభిప్రాయాల కోసం విడుదల చేసింది. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో భారతదేశం చేర్చిన ఏడు ప్రకృతి స్థలాల్లో విశాఖ ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల కొండలతో పాటు పంచగని, మహాబలేశ్వర్‌లలోని దక్కన్ ట్రాప్స్ ఉన్నాయి. అంటే ఆ లావా బయలుదేరిందని భావించే కొస జాబితాకెక్కింది, సముద్రంలో కలిసిన కొస ఎక్కలేదు. కాతేరు, పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో రెండు లావా పొరలూ నడుమనున్న ఆల్చిప్పల పొరా ఒకే గోడలో కనిపించే ఒక్క ముఖాన్ని తవ్వకం నుంచి మినహాయించి, నీరు తోడే ఏర్పాటు చేసి, పక్కన తెలుగులో ఒక వివరణ ఫలకం నిలిపితే చాలు. ఊళ్లు దాటి వెళ్లిన గుల్లలు ఏ పొర నుంచి వెళ్లాయో ఆ పొర దగ్గరే నిలబడి చూసే అవకాశం కలుగుతుంది.